తెలుగు ఎవరి బిడ్డ? రెండు వందల ఏళ్ల వాదు

పోయిన సంచికలో మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య దగ్గర ఆగాం. 1806లో ఆయన 'ఆంధ్రదీపిక' అనే నిఘంటువు పూర్తి చేశాడు. దానికి రాసుకున్న పీఠికలో తెలుగు మాటలెన్ని రకాలో పాత లాక్షణికుల దారిలోనే వివరించాడు. తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం. బడిలో వ్యాకరణం చదివిన ప్రతివాడూ వల్లె వేసిన పాఠమే అది. పదేళ్లు గడిచేసరికి ఆ పాఠం మద్రాసులో ఒక ఇంగ్లీషు కలెక్టరు చేతికి చిక్కి, కలకత్తా పండితలోకం మీద గురిపెట్టిన బాణమైంది.

అప్పటి పరిస్థితి కొంచెం చెప్పుకోవాలి. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ఒక ఉపన్యాసంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలన్నాడు. అక్కడినుంచి భాషలకు వంశవృక్షాలు గీయడం విద్వాంసులకు వ్యసనమైపోయింది. ఈ దేశంలో భాషలన్నిటికీ సంస్కృతమే తల్లి అన్నది కలకత్తా వారి ధీమా. కోల్‌బ్రూక్ వంటి మహాపండితుడు అదే అన్నాడు. శ్రీరాంపురం మిషనరీ విలియం కేరీ 1814లో అచ్చువేసిన తెలుగు వ్యాకరణంలోనూ అదే మాట. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. మన కావ్యాలు ఏ పుట తెరిచినా సంస్కృత సమాసాలు బారులు తీరి కనిపిస్తాయి. పదమూడో శతాబ్దంలో 'ఆంధ్రభాషాభూషణం' రాసిన మన కేతనే సంస్కృతాన్ని అన్ని భాషలకూ తల్లిని చేశాడు. దొరలు చెప్పిందీ శాస్త్రులు చెప్పిందీ ఒకటే అయినప్పుడు ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది?

అనుమానం వచ్చినవాడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. మద్రాసు కలెక్టరు. తమిళం మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. 1812లో మద్రాసులో కంపెనీ వారు సెయింట్ జార్జి కోట కళాశాల పెట్టారు. చెన్నై నుంగంబాక్కంలో ఇవాళ్టికీ ఉన్న కాలేజ్ రోడ్డుకు ఆ పేరు దాని వల్ల వచ్చిందే. సీమ నుంచి దిగిన కుర్ర ఉద్యోగులకు దేశభాషలు నేర్పడం దాని పని. పాఠం చెప్పడానికి తమిళ, తెలుగు, కన్నడ, సంస్కృత పండితులను జీతాలిచ్చి తెచ్చారు. ఆ కళాశాల వల్ల కలిగిన పెద్ద లాభం పాఠాలు కాదని నాకనిపిస్తుంది. వేరువేరు భాషల పండితులు ఒకే కప్పు కింద రోజూ కూర్చోవడం అంతకు ముందు ఎక్కడుంది? తమిళ వ్యాకరణం తెలిసినవాడికి తెలుగు ధాతువులు తెలియవు, తెలుగు ధాతువులు తెలిసినవాడికి కన్నడం పట్టదు. ఒకరి జాబితా ఇంకొకరి పక్కన పెట్టి చూసే అవసరం ఎవరికీ రాలేదు. మద్రాసులో వచ్చింది.

అక్కడ తెలుగు, సంస్కృతాలకు పెద్ద పండితుడు వేదం పట్టాభిరామశాస్త్రి. ఆయన తెలుగు ధాతువులను ఏరి, వరసలో పేర్చి, 'ధాతుమాల' కూర్చాడు. ఎల్లిస్ కచేరీలో శిరస్తాదారు శంకరయ్య ఉన్నాడు. కళాశాల బోర్డు వ్యవహారాలు చూస్తూ తెలుగు వ్యాకరణం రాస్తున్న అలెగ్జాండర్ డంకన్ కాంబెల్ ఉన్నాడు. కాంబెల్ వ్యాకరణం 1816లో అచ్చయినప్పుడు దాని ఉపోద్ఘాతానికి ఒక అనుబంధంగా ఎల్లిస్ వ్యాసం వెలువడింది. ఎవరి పుస్తకానికో తోకగా వచ్చిన వ్యాసం. ద్రావిడ భాషలు ఒక ప్రత్యేక కుటుంబం అన్న ఊహకు మొదటి లిఖిత రుజువు అదే.

ఎల్లిస్ వాదన మూడు మెట్ల మీద నడుస్తుంది. మొదట ధాతువులు. సంస్కృత ధాతుపాఠంలో కొన్ని అక్షరాల కింద ఉన్నవాటిని ఒక పక్క, అవే అక్షరాల కింద తెలుగు ధాతువులను ఇంకో పక్క పెట్టి చూపాడు. పొంతన లేదు. ఆ తెలుగు ధాతువుల పక్కనే తమిళ, కన్నడ ధాతువులు పెట్టాడు. అతికినట్టు సరిపోయాయి. రెండో మెట్టు మాటలు. ఇక్కడే మామిడి వెంకయ్య వస్తాడు. ఆంధ్రదీపిక పీఠికలోని వర్గీకరణను ఎల్లిస్ ఇంగ్లీషులోకి తిప్పి, రచయిత పేరు చెప్పి మరీ వ్యాసంలో పెట్టాడు. మీ పండితులే సంస్కృతం నుంచి వచ్చిన మాటలను ఒకపక్కకు తీసి, మిగిలినదాన్ని దేశ్యం అని విడిగా ఉంచారు కదా, ఆ మిగిలినది సంస్కృతపు బిడ్డ ఎలా అవుతుంది అన్నది ఆయన ప్రశ్న. మూడో మెట్టు వాక్యాల కూర్పు. ఒకే విషయాన్ని తమిళం, తెలుగు, కన్నడాల్లోకి మార్చి, మాటల వరస ఎలా ఒకదానికొకటి తోడుగా నడుస్తుందో చూపించాడు.

ఈ వ్యాసంలో నన్ను ఆపేసేది రెండో మెట్టే. సంస్కృతం తల్లి అని నమ్మిన సంప్రదాయమే, సంస్కృతం నుంచి రాని మాటలను వేరుచేసే జల్లెడ కూడా తయారు చేసుకుంది. ఆ జల్లెడలో మిగిలిన గింజలు పక్కింటివాళ్ల జల్లెడలో మిగిలిన గింజల్లాగే ఉన్నాయా అని మాత్రం ఎవరూ చూడలేదు. ఎల్లిస్ గొప్పతనం ఆ చూడడంలో ఉంది. జల్లెడ మాత్రం ఆయనది కాదు.

ఇంకో సంగతి. రాజమహల్ కొండల్లో, అంటే బెంగాలు అంచున, ఉండేవారి భాషలో తమిళ తెలుగు మాటలు బాగా కనిపిస్తున్నాయని కూడా ఎల్లిస్ ఆ వ్యాసంలోనే రాశాడు. దక్షిణాది భాషల బంధువు గంగ ఒడ్డుకు దగ్గర్లో ఉండడం ఏమిటని అప్పట్లో ఎవరూ తర్కించినట్టు లేదు.

ఎల్లిస్‌కు ఒక పట్టుదల ఉండేదట. నలభై ఏళ్లు వచ్చేదాకా చదవడమే తప్ప ప్రచురించకూడదని. నలభై దాటిన కొద్దికాలానికే, 1819 మార్చిలో, రామనాథపురంలో ఉండగా పొరపాటున విషం కడుపులోకి పోయి చనిపోయాడు. తమిళం, తెలుగు, మలయాళం మీద మూడు వ్యాసాలు రాయాలని ఆయన సంకల్పం. తెలుగు వ్యాసం మనకు దక్కింది, మలయాళం మీద రాసిందీ అచ్చయింది. ఆయన అన్నిటికన్నా ఎక్కువ ప్రేమించిన తమిళం మీద వ్యాసం మాత్రం లేదు. మదురైలో మిగిలిపోయిన ఆయన కాగితాలు వంటవాడి పాలై, పొయ్యి రాజెయ్యడానికీ కోళ్ల ఈకలు కాల్చడానికీ ఖర్చయ్యాయని తర్వాతి తరం అధికారి వాల్టర్ ఇలియట్ రాశాడు. అమరావతి శిల్పాలను తవ్వించి మద్రాసు చేర్చిన ఇలియట్ ఈయనే. మిగిలిన కొన్ని కాగితాలు ఇలియట్ చేతికి, అక్కడినుంచి జి.యు. పోప్ చేతికి, చివరికి ఆక్స్‌ఫర్డ్‌కు చేరాయి. ఎల్లిస్ కథను అమెరికా చరిత్రకారుడు థామస్ ట్రౌట్‌మన్ ఆ కాగితాల నుంచీ, లండన్, చెన్నై దస్తావేజుల నుంచీ వెలికితీసి పుస్తకం చేసేసరికి 2006 వచ్చింది.

ఈ మధ్యకాలమంతా కిరీటం ఇంకొకరి తలమీద ఉంది.

1837లో ఇంగ్లండు నుంచి మద్రాసుకు బయలుదేరిన 'మేరీ ఆన్' అనే ఓడలో ఇద్దరు ప్రయాణికులున్నారు. ఒకరు సెలవు ముగించుకుని వస్తున్న చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. మనకు పరిచయం అక్కర్లేదు. రెండోవాడు ఇరవై మూడేళ్ల మిషనరీ రాబర్ట్ కాల్డ్వెల్. నెలల తరబడి సాగే ఆ ప్రయాణంలో బ్రౌన్ దగ్గర భాషల ముచ్చట్లు విని కుర్రవాడికి భారతీయ భాషల మీద ఆసక్తి పెరిగింది. 1838 జనవరిలో మద్రాసులో దిగారు. బ్రౌన్ తెలుగు తాళపత్రాల వేటలోకి వెళ్లిపోయాడు. కాల్డ్వెల్ మద్రాసులో మూడేళ్లుండి, తర్వాత తిరునల్వేలి జిల్లాలో ఇసుకనేలల మధ్య ఇడయంగుడి అనే ఊళ్లో స్థిరపడి, 1856లో 'ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం' అచ్చువేశాడు.

ఎల్లిస్ వ్యాసం నలభై ఏళ్లు ఒక వ్యాకరణం ముందుమాటలో ఇరుక్కుపోయి ఉంది. కాల్డ్వెల్ దాన్ని చదివాడు, మొదట దున్నినవాడు ఎల్లిసే అని ఒప్పుకున్నాడు కూడా. ఒప్పుకుని, ఆ ఒప్పుదల మీద ఎక్కువసేపు నిలబడలేదు. ముందు తరం చేసినది చిన్నదిగా కనిపిస్తేనే తన పని పెద్దదిగా కనిపిస్తుందన్న జాగ్రత్త విద్వాంసులకు ఉంటుంది. దానికి కాల్డ్వెల్ మినహాయింపు కాదు. అయినా ఒక న్యాయం చెప్పాలి. ఎల్లిస్ చూపింది బంధుత్వం ఉందని. కాల్డ్వెల్ చూపింది ఆ బంధుత్వం ఏ అవయవంలో ఎలా ఉందో. సర్వనామాలు, సంఖ్యావాచకాలు, విభక్తులు, క్రియారూపాలు ఒక్కొక్కటీ తీసుకుని భాష తర్వాత భాష తిరగేశాడు. మొదటి ముద్రణలో తొమ్మిది భాషలు, 1875 నాటి రెండో ముద్రణలో పన్నెండు. 'ద్రావిడ' అన్న పేరును కుమారిలభట్టు గ్రంథం నుంచి తీసుకుని కుటుంబం మొత్తానికి పెట్టింది ఆయనే. ఆ పేరు తర్వాత మద్రాసు రాజకీయాల్లో ఎంత దూరం నడిచిందో చెప్పాలంటే ఇంకో ధారావాహిక కావాలి.

పొరపాట్లూ పెద్దవే చేశాడు. ద్రావిడ భాషలకు సిథియన్ భాషలతో, అంటే ఫిన్నిష్, టర్కిష్ వగైరాలతో చుట్టరికం ఉందని గట్టిగా నమ్మాడు. ఆ భాగం తర్వాతివారెవరూ నిలబెట్టలేదు. ఇంకొక లోటు కూడా నాకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎల్లిస్ వ్యాసంలో వెంకయ్య మాట్లాడతాడు, పట్టాభిరామశాస్త్రి పని కనిపిస్తుంది. కాల్డ్వెల్ పుస్తకంలో దేశీయ పండితుల గొంతు అంతగా వినపడదు. అక్కడినుంచి చాలాకాలం ఈ శాస్త్రం రాసేవారు ఒకరు, చెప్పేవారు ఇంకొకరుగా నడిచింది.

కాల్డ్వెల్ తర్వాతి యాభై ఏళ్లను చకచకా దాటేద్దాం. ముండా భాషలు ద్రావిడం కావని మాక్స్ ముల్లర్ 1854లోనే విడదీశాడు. హెర్మన్ గుండర్ట్, కిట్టెల్ వంటి జర్మను మిషనరీలు ఎదురుప్రశ్న వేశారు: సంస్కృతం ద్రావిడానికి ఇచ్చింది సరే, ద్రావిడం నుంచి సంస్కృతం తీసుకున్న మాటలెన్ని? బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీలో ద్రావిడ లక్షణాలున్నాయని లాసెన్ 1844లో అన్నా, కాల్డ్వెల్ దాన్ని కుటుంబంలోకి రానివ్వలేదు. 1909లో డెనిస్ బ్రే రాసిన వ్యాకరణంతో ఆ తగువు తీరి బ్రాహుయీ లోపలికొచ్చింది.

తెలుగునాట మాత్రం తగువు అప్పుడే మొదలైంది. 1937లో చిలుకూరి నారాయణరావు 'ఆంధ్ర భాషా చరిత్రము' అనే ఉద్గ్రంథం వెలువరించాడు. దత్తమండలాలకు రాయలసీమ అన్న పేరును 1928లో ప్రతిపాదించిన చిలుకూరి ఈయనే. తెలుగు ద్రావిడ భాష కాదు, ప్రాకృతం నుంచి పుట్టిందే అన్నది ఆయన సిద్ధాంతం. కాల్డ్వెల్ చెప్పినదంతా తప్పని నిరూపించడానికి శాసనాలు, కావ్యాలు, వాడుక రూపాలు గుట్టలుగా పోగేశాడు. మద్రాసు విశ్వవిద్యాలయంలో కోరాడ రామకృష్ణయ్య, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గంటిజోగి సోమయాజి ఎదుటి పక్షం. సోమయాజి 'ఆంధ్ర భాషా వికాసము' ఆ పక్షపు ప్రధాన గ్రంథం. దశాబ్దాలపాటు తెలుగు ఎం.ఏ. విద్యార్థి ఈ రెండు పుస్తకాలూ బల్లమీద పెట్టుకుని పరీక్షకు చదివేవాడు. ఒకదానిలో అవునన్నది ఇంకోదానిలో కాదు.

చిలుకూరి సిద్ధాంతం నిలవలేదు. మాటలు పోలినంత మాత్రాన భాషకు పుట్టుక తేలదు, ప్రత్యయాలు, సర్వనామాలు, అంకెలు ఎవరివో చూడాలి. 'నేను, నువ్వు, రెండు, మూడు' ప్రాకృతం నుంచి వచ్చాయని నిరూపించడానికి ఆయన పడిన తంటాలు చూస్తే జాలేస్తుంది. కానీ ఆయన పోగేసిన సామగ్రి పారేయదగ్గది కాదు. ఎదుటిపక్షం వారూ దాన్నే వాడుకున్నారు. ఈ సంగతి మన సాహిత్య చరిత్రల్లో రాయరు. ఓడిపోయినవారి పోగు మీద గెలిచినవారు కూర్చోవడం ఈ శాస్త్రంలో ఒక్కసారి జరిగింది కాదు.

ఇదే కాలంలో నీలగిరుల్లో ఇంకో పని నడుస్తోంది. కెనడాలో పుట్టి, అమెరికాలో సంస్కృతమూ భాషాశాస్త్రమూ చదివిన మర్రే బి. ఎమెనో 1935లో ఇండియా వచ్చి మూడేళ్లు తిరిగాడు. తొద, కోత, కొడగు, కొలామీ. అప్పటికి లిపి లేని, కావ్యం లేని భాషలు. కోత భాషలో ఆయనకు గురువు సుల్లి అనే కోత పెద్దమనిషి. కథ చెప్పడంలో దిట్ట. ఎమెనో 1940లలో నాలుగు భాగాలుగా అచ్చువేసిన 'కోత పాఠాలు' చాలావరకు సుల్లి నోటివెంట వచ్చినవే. కాల్డ్వెల్ పుస్తకంలో వినపడని గొంతు ఇక్కడ పేరుతో సహా మళ్లీ వినిపిస్తుంది.

ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృతాచార్యుడు థామస్ బరో ఇంకో దారిన ఇక్కడికి చేరాడు. మధ్య ఆసియా ప్రాకృతాలతో మొదలై, సంస్కృతంలో ద్రావిడ పదాల వేటలో పడ్డాడు. గుండర్ట్ వేసిన పాత ప్రశ్నే. ఒకే వేటలో ఉన్న ఇద్దరు పండితులు సాధారణంగా ఒకరి వ్యాసాలను ఒకరు ఖండించుకుంటూ ఆయుష్షు గడుపుతారు. వీళ్లు 1949లో కలిసి నిఘంటువు చేద్దామనుకున్నారు. ఒకరు కాలిఫోర్నియాలో, ఒకరు ఇంగ్లండులో. పన్నెండేళ్లు పట్టింది. మధ్యలో బరో భారత మానవశాస్త్ర సర్వేకు చెందిన సుధీభూషణ్ భట్టాచార్యతో కలిసి బస్తర్, కోరాపుట్ అడవుల్లో తిరిగి పర్జీ, పెంగో వంటి భాషలు రాసుకొచ్చాడు. ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వచ్చింది, నాలుగున్నర వేలకు పైగా ఆరోపాలతో, అంటే పద్దులతో. 1984 నాటి సవరించిన ముద్రణలో అవి ఐదున్నర వేలు దాటాయి. ఏ ఆరోపం చూసినా, తమిళ రూపం ఉంటే దానితో మొదలై, ఉత్తరానికి నడుస్తూ, ఉంటే బ్రాహుయీతో ముగుస్తుంది. దాన్ని పుట పుటా తిరగేసిన తెలుగువాడికి ముందు కలిగేది ఆశ్చర్యం. మన ఇంట్లో రోలు కన్నడిగుడి ఇంట్లో ఒరలు, తమిళుడి ఇంట్లో ఉరల్.

ఆ రోలు దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే ఇక్కడినుంచి కథ ఒంగోలు వాడి చేతిలోకి వస్తుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి 1928లో ఒంగోలులో పుట్టాడు. వాల్తేరులో తెలుగు ఆనర్సు చదివాడు, గంటిజోగి సోమయాజి శిష్యుడు. చిలుకూరి, సోమయాజుల వాదోపవాదాల వేడిలో పెరిగిన తరం అది. 1950లలో అమెరికా వెళ్లి 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకున్నాడు. ఆ పరిశోధన తెలుగు ధాతువుల మీద. 1961లో, బరో-ఎమెనో నిఘంటువు వెలువడిన ఏడాదే, ఎమెనో పనిచేసే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దాన్ని అచ్చువేసింది. పట్టాభిరామశాస్త్రి ధాతువులు ఏరిన నూట నలభై అయిదేళ్లకు మళ్లీ తెలుగు ధాతువులే, ఈసారి తెలుగువాడి పేరుతో.

ఆయన తేల్చిన ముఖ్యమైన సంగతి ఇది. మూలద్రావిడంలో ఏ మాటా ర, ల, ళ, ట, డ వంటి హల్లులతో మొదలుకాదు. తమిళంలో ఆ కట్టుబాటు ఎంత గట్టిదంటే, రాముణ్ని 'ఇరామన్' అనీ లోకాన్ని 'ఉలకం' అనీ రాస్తారు. మరి తెలుగులో అచ్చమైన సొంత మాటలు రోలు, రెండు, లో, లేత ఇలా మొదలవుతాయెందుకు? మొదటి అచ్చు వెనక్కి తగ్గి, తర్వాతి హల్లు ముందుకు దూకిందన్నమాట. ఉరల్, ఒరల్ అయి, అచ్చులు రెండూ కలిసిపోయి రోలు అయింది. తమిళ ఇరండు, కన్నడ ఎరడు పక్కన తెలుగు రెండు. ఇలాంటి దూకుళ్లు గోండి, కొండ, కుయి, కువి, పెంగో భాషల్లోనూ ఉన్నాయి. తమిళ కన్నడాల్లో ఈ పద్ధతిన లేవు. (చెన్నై వెళ్లొచ్చిన పాఠకులు, వాళ్లూ మాటల్లో 'రెండు' అంటారుగా అని ఉత్తరం రాస్తారని తెలుసు. అది వాడుక తమిళంలో బాగా తర్వాత, విడిగా వచ్చిన మార్పు.)

దీన్నిబట్టి తెలుగుకు దగ్గరి చుట్టాలు తమిళ కన్నడాలు కావు, అరకు నుంచి ఆదిలాబాదు దాకా కొండల్లో ఉన్న భాషలు. ఎల్లిస్ పక్కపక్కన పెట్టిన మూడు భాషల్లో తెలుగు కాస్త దూరం జరిగింది. పట్నవాసపు తెలుగువాడికి ఇది మింగుడుపడే మాట కాదు. కొండదొరల భాష, గోండి మన తోబుట్టువులంటే ముఖం చిట్లించినవారు లేకపోలేదు. కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో కొండ భాషను స్వయంగా విని రాసుకుని 1969లో దాని వ్యాకరణం ప్రచురించాడు. మనం బళ్లలో అరసున్నతో పాటు అటకెక్కించిన బండి 'ఱ'కు, సాధు రేఫకు తేడా ఆ భాషలో బతికే ఉంది.

1961 పుస్తకంలో కృష్ణమూర్తి తెలుగునూ ఈ కొండభాషలనూ మధ్య ద్రావిడంలో వేశాడు. కొలామీ, పర్జీలు కూడా ఆ గూటివే. 1970ల నడుమకు వచ్చేసరికి తన వృక్షాన్ని తనే నరికి మళ్లీ నాటాడు. ఆధారం మళ్లీ ఆ 'రెండు'లోనే ఉంది. ఇరండులో 'ఇ', తర్వాతి 'అ' ప్రభావంతో 'ఎ' అయితే గాని 'రెండు' రాదు. ఆ మార్పు కన్నడ ఎరడులోనూ ఉంది. అంటే హల్లు దూకకముందు తెలుగు శాఖ, తమిళ-కన్నడ శాఖ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఇలాంటి ఉమ్మడి మార్పులు ఇంకా చూపించి, తెలుగు శాఖ దక్షిణ ద్రావిడం నుంచి చీలిన రెండో కొమ్మ అన్నాడు. దక్షిణ-మధ్య ద్రావిడం అని ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉన్నది అదే. ఎల్లిస్ పెట్టిన చోటుకు తెలుగు కొంత వెనక్కి వచ్చిందనుకోవచ్చు.

1978లో ఇంకో వ్యాసం రాశాడు. ధ్వని మార్పు భాషలో ఒక్క దెబ్బకు అన్ని మాటల్లో జరగదు, మాట నుంచి మాటకు పాకుతుందని చైనా మాండలికాల ఆధారంగా విలియం వాంగ్ 1969లో చెప్పాడు. హల్లు దూకే ఈ మార్పు అచ్చం అలాగే వందల ఏళ్లుగా పాకుతూ వచ్చిందని కృష్ణమూర్తి లెక్కలతో చూపించాడు. దానికి సాక్ష్యం కోసం కొండలెక్కనక్కర్లేదు. మనకు 'లేదూడ' ఉంది, 'ఎలనాగ' ఉంది, 'లేత' ఉంది, 'ఎలమావి' ఉంది. దూకినదీ దూకనిదీ ఒకే భాషలో పక్కపక్కనే ఉన్నాయి. 1983లో ఇద్దరు గణాంక శాస్త్రజ్ఞులు లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫర్త్‌లతో కలిసి గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ అనే ఆరు భాషలకు సాధ్యమయ్యే 945 వంశవృక్షాలనూ పరీక్షించాడు. మాట మారిందా అని కాక, ఏయే మాటలు మారకుండా మిగిలాయి అని చూసి చెట్టు గీయడం అందులో కొత్తదనం.

అంతర్జాతీయ పోటీ కూడా తక్కువేం లేదు. ప్రేగ్ పండితుడు కమిల్ జ్వెలెబిల్ 1970లో తులనాత్మక ధ్వనిశాస్త్రం వెలువరించాడు. అణ్ణామలై విశ్వవిద్యాలయం నుంచి పి.ఎస్. సుబ్రహ్మణ్యం 1971లో క్రియల మీద, 1983లో ధ్వనుల మీద రాశాడు. డేవిడ్ మకాల్పిన్ ద్రావిడానికి ప్రాచీన ఇరాన్‌లోని ఎలమైట్‌తో బంధుత్వం కలిపాడు. కాల్డ్వెల్ సిథియన్ కల కొత్త వేషంలో వచ్చిందన్నమాట. కృష్ణమూర్తి దాన్ని ఒప్పుకోలేదు. ఆయన తన వంతుగా మూలద్రావిడంలో ఒక కంఠమూలీయ ధ్వని ఉండేదని, దాని జాడ తమిళంలోని ఆయ్తం అనే అక్షరంలో ఉందని వాదించాడు. అందరూ దాన్నీ ఒప్పుకోలేదు. 2003లో కేంబ్రిడ్జి ప్రచురించిన ఆయన 'ద్రావిడ భాషలు'లో ఇవన్నీ ఉన్నాయి. అందులో కుటుంబం లెక్క 26 భాషలు.

కృష్ణమూర్తి 2012లో హైదరాబాదులో కన్నుమూశాడు. 2018లో విష్ణుప్రియ కొలిపాకం, మరికొందరు కలిసి ఇరవై ద్రావిడ భాషల మాటలను కంప్యూటరు పద్ధతులతో పరిశీలించి, కుటుంబం వయసు సుమారు 4500 ఏళ్లన్నారు. దక్షిణ, దక్షిణ-మధ్య, మధ్య, ఉత్తర ద్రావిడాలనే నాలుగు కొమ్మలూ ఉన్నాయన్నారు. ఏ కొమ్మ ముందు విడిపోయింది, తెలుగు కొమ్మ తమిళపు కొమ్మను ఎంతకాలం అంటిపెట్టుకుని ఉందన్నది మాత్రం ఆ లెక్కల్లో గట్టిగా తేలలేదు. 1970లలో కృష్ణమూర్తి నాటిన చెట్టు మీద వాదు మళ్లీ తెరుచుకుంది.

ఈ కుటుంబంలో చోటు లేని ఒక భాష మన శ్రీకాకుళం కొండల్లోనే, కువి మాట్లాడేవారికి పొరుగునే ఉంది. ముల్లర్ 1854లో విడదీసిన ముండా కొమ్మలోని సవర. పర్లాకిమిడిలో ఒక బడిపంతులు దాన్ని నేర్చుకుని, వ్యాకరణం రాసి, నిఘంటువు కట్టి, ఆ చెవితోనే తెలుగు పండితుల మీద యుద్ధానికి దిగాడు. గిడుగు రామమూర్తి, ఆయన్ను ఎదిరించిన జయంతి రామయ్య వచ్చే సంచికలో.